స్కేటింగ్‌కి బయల్దేరితే చెప్పులు దాచారు

గోదావరి జిల్లాల మర్యాద గురించి ఎవరైనా పొగడడం మొదలుపెడితే నేను అక్కడినుంచి లేచి వెళ్ళిపోతాను. వెళ్ళనిస్తే. మామూలుగా వెళ్ళనివ్వరు. "కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురుగాని" అంటారు. నా మనవరాలిని మొట్టమొదటిసారి రాజమండ్రిలో స్కేటింగ్ రింకుకి తీసుకువెళ్ళాలని నేను పడ్డ పాట్లు ఈ మర్యాద చేతుల్లో ఏమయ్యాయో చెబితే, ఇన్నేళ్ళయినా నా కోపం ఎందుకు చల్లారలేదో మీకే తెలుస్తుంది. తెలియకపోయినా నాకు వచ్చిన నష్టం లేదు.

రెండువేల సంవత్సరం వచ్చి ఏడాదో రెండేళ్ళో అయింది. మాది ఆత్రేయపురానికి కాస్త అవతల ఊరు. మనవరాలు ఏడో తరగతి పాసయింది. మా అబ్బాయి దాన్ని విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో వేయడానికి నిశ్చయించాడు. నిశ్చయించాడంటే, పక్కింటివాళ్ళు వాళ్ళ పిల్లని అక్కడ వేశారు. అంతే నిశ్చయం. ఆ స్కూలు గురించి నేను అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఆడుకునే చోటుందా?" అన్నాను. "నాలుగంతస్తుల బిల్డింగు నాన్నగారూ, రాత్రి తొమ్మిది దాకా స్టడీ అవర్స్" అన్నాడు. నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకానే. మిగతా చదువంతా పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని మా ఊరి లైబ్రరీ బల్ల దగ్గర కూర్చుని చదువుకున్నదే. అయినా అడిగినదానికి జవాబు వచ్చిందో రాలేదో తెలుసుకోవడానికి ఆ చదువు సరిపోతుంది.

కొత్త స్కూలు బట్టల కోసం రాజమండ్రి వెళ్ళినప్పుడు ఆ పిల్ల ఆటోలోంచి రింకు చూసింది. పార్కు పక్కన నున్నటి సిమెంటు గచ్చు, చుట్టూ నడుమెత్తు ఇనుప కమ్మీలు. లోపల పిల్లలు కాళ్ళకి చక్రాల బూట్లు కట్టుకుని, కాలువలో నీళ్ళు వదిలినప్పుడు ఎండుటాకులు పోయినట్టు పోతున్నారు. ఆటో అక్కడ ఆగింది కూడా లేదు. ఆ వారమంతా ఆ పిల్ల గచ్చు మీద నడిచినప్పుడల్లా ఒక కాలు ముందుకు జార్చి నడిచింది.

"తాతయ్యా, హాస్టల్‌కి వెళ్ళేలోపు ఒక్కసారి. ఒక్కసారి ఎక్కితే చాలు" అంది.

ముందు వాళ్ళ నాన్నని అడిగింది. "చూద్దాంలే" అన్నాడు వాడు. మన ఇళ్ళల్లో పిల్లల కోరికలు ఎన్నింటినో ఈ మాటే పొట్టన పెట్టుకుంది. "వద్దు" అంటే పిల్ల ఏడుస్తుంది, కారణం అడుగుతుంది, మనం ఆలోచించాలి. "చూద్దాంలే" అంటే ఆ బాధ లేదు. పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది, సెలవులు అయిపోతాయి. నా చిన్నప్పుడు ఆరో తరగతిలో చేరతానంటే మా నాన్న కూడా "చూద్దాంలే" అనే అన్నాడు. ఆయన ఇప్పటికీ చూడలేదు.

వాళ్ళమ్మని అడిగితే, "కాలో చెయ్యో విరిగితే స్కూల్లో చేర్చుకుంటారా మావయ్యగారూ?" అని నా మీదకే వచ్చింది కోడలు. మా ఇంటావిడ ఇంకో అడుగు ముందుకేసింది. "ఆడపిల్లకి కాలు విరిగితే రేపు పెళ్ళెలా అవుతుందండీ?"

"నాట్లప్పుడు నువ్వు గట్టు మీద జారి పడి మూలన పడి ఉండలేదూ? నీకు పెళ్ళి కాలేదూ?"

"నేను పడింది పెళ్ళయ్యాకండీ. మీ పొలంలోనే."

మాటల్లో ఓడిపోయినప్పుడు నాకు పని చేయాలనిపిస్తుంది. మర్నాడు కొబ్బరాకు ఈనె ఒకటి తీసి, పిల్లని గోడకి మడమ ఆనించి నిలబెట్టి, బొటనవేలి దాకా కొలిచి తుంచాను. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని రాజమండ్రి బస్సెక్కాను.

రింకులో ఉన్న కుర్ర మాస్టారు మెడలో విజిల్ వేసుకుని బూట్ల చక్రాలకి నూనె పెడుతున్నాడు.

"కొత్తవాళ్ళు రావచ్చా బాబూ?"

"ఆదివారం పొద్దున్న కొత్తవాళ్ళకేనండి. ఆరింటినుంచి తొమ్మిదింటి దాకా. బూట్లు మేమే ఇస్తామండి. తొమ్మిది దాటితే గచ్చు కాలిపోద్దండి, పడితే చర్మం ఊడొస్తది. సైజెంతండి?"

నేను ఈనె తీసి ఇచ్చాను. "ఇదేంటండీ?" అన్నాడు.

"మా మనవరాలి కాలు."

నవ్వాడు గానీ, వెటకారంగా నవ్వలేదు. వరసగా బూట్ల అడుగుల మీద ఈనె పెట్టి చూసి, ఒక జత పక్కకి తీశాడు. "ఇది సరిపోద్దండి. కానీ తొందరగా తీసుకురండి. ఇంకా రెండు ఆదివారాలే. తర్వాత వానలు, ఈ గచ్చు తవ్వి కొత్తది పోస్తారంట."

రెండో ఆదివారం మర్నాడే పిల్ల హాస్టల్లో చేరాలి. అంటే ఉన్నవి రెండే అవకాశాలు. బస్సులో వస్తూ నేను అంతా ఆలోచించుకున్నాను. మొదటి బస్సుకి బయల్దేరితే బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటి ఏడింటికల్లా రింకులో ఉంటాం. రెండు గంటలు చేతిలో ఉంటాయి.

ఇక నేర్పడం సంగతి. లైబ్రరీలో పిల్లల విజ్ఞాన పుస్తకం ఒకటి, అట్ట ఊడిపోయినది, ఆటల గురించి ఉంది. అందులో స్కేటింగ్‌కి అరపేజీయే ఇచ్చారు, కానీ అసలు సంగతి రాశారు. నిలబడడం తర్వాత సంగతి, ముందు పడడం నేర్చుకోవాలట. మోకాళ్ళు వంచి, పక్కకి ఒరిగి, అరచేతులు ఆనించకుండా పడాలి. దాళ్వా వరి కోతలయి కొత్త గడ్డి దొడ్లో ఉంది. గడ్డివాము పక్కన మెత్తగా పరిచి, పిల్లని నిలబెట్టి, భుజం మీద ఒక తోపు తోశాను.

"మావయ్యగారూ! పిల్లని గడ్డిలోకి తోసేస్తున్నారేంటండీ?" అంటూ కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"పడడం నేర్పుతున్నానమ్మా."

"పడడం కూడా ఒకరు నేర్పాలేంటండీ?"

పిల్ల గడ్డిలోంచి లేచి, జడలో గడ్డిపోచలతో, "అమ్మా, నువ్వూ రా, బాగుంది" అంది. మూడు నాలుగు రోజులు పొద్దున్నా సాయంత్రం పడింది. ఎడమకి పడింది, కుడికి పడింది, వెనక్కి పడబోయి తిరిగి పక్కకి పడడం కూడా నేర్చుకుంది. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూసి, "పెద్దాయనకి మతి పోయింది" అనుకున్నారు. అనుకోనీయండి.

ఇంత ఆలోచించినవాణ్ణి ఒక్కటి ఆలోచించలేదు. రాజమండ్రికి వెళ్ళే దారిలో ధవళేశ్వరం ఉంది. ధవళేశ్వరంలో మా చెల్లెలు ఉంది.

శనివారం సాయంత్రం మా ఇంటావిడ పూతరేకుల డబ్బా తెచ్చి నా సంచిలో పెట్టింది. "ఇదెందుకు?" అన్నాను. "వాళ్ళింటి ముందునుంచి పోతూ లోపలికి వెళ్ళకపోతే ఏం బాగుంటుందండీ? వెళ్ళేటప్పుడు చేతులూపుకుంటూ వెళ్తారా? పొద్దున్నే వస్తారని ఫోన్ కూడా చేసేశాను."

ఫోన్ చేసేశాను! మా ఇంట్లోకి ఆ ఫోన్ వచ్చిన రోజునుంచీ నాకు దాని మీద సదభిప్రాయం లేదు. అయినా సర్దుకున్నాను. డబ్బా గుమ్మంలో ఇచ్చి, "మళ్ళీ వస్తాం" అని అదే బస్సు కాకపోతే వెనకబస్సు ఎక్కేయొచ్చు అనుకున్నాను. గోదావరి జిల్లాలో పుట్టి, అరవై ఏళ్ళు బతికి, గుమ్మంలో పని ముగుస్తుందని అనుకున్నాను. ఇలాంటి పొరపాటు ఇంకే జిల్లావాడూ చేయడు, చేయడానికి వాడికి అవసరమే రాదు.

చెల్లెలు వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. "రా అన్నయ్యా, రావే అమ్మలూ! కాళ్ళు కడుక్కోండి" అంది.

"కాళ్ళు కడుక్కునే టైము లేదమ్మా. తొమ్మిదికి మూసేస్తారు."

"ఎవరు మూసేస్తారు? నువ్వు టిఫిన్ చేసేదాకా నేను ఎవర్నీ మూయనివ్వను. పెసరట్లకి రుబ్బించాను. ఉప్మా అయింది. అల్లం పచ్చడి నువ్వు అడక్కముందే నూరాను."

మేము పీటల మీద కూర్చున్నాం. పెసరట్టు వచ్చింది. తిన్నాం. ఇంకోటి వచ్చింది. వద్దంటే, "నా చేతి అట్టు అంత కానిదైపోయిందా?" అంది. పిల్ల గోడ గడియారం వైపూ నా వైపూ చూస్తోంది. నేను చెయ్యి కడిగేసుకుని, "ఇక వస్తాం" అని వీధిలోకి వచ్చేసరికి గుమ్మం దగ్గర మా చెప్పులు లేవు. నావీ లేవు, పిల్లవీ లేవు.

పడక కుర్చీలో బావగారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

"బావగారూ, చెప్పులెక్కడండీ?"

"భోజనం చేశాక దొరుకుతాయి బావగారూ. కోడిని తెప్పించాం. ఆదివారం పూట మా ఇంటికొచ్చి ముద్ద తినకుండా వెళ్తారా? ఊళ్ళో మా పరువేం కాను?"

చుట్టాల చెప్పులు దాచడం మా వైపు ఆట. ఎక్కాల్సిన బస్సు తప్పించడం, సంచి అటక మీద పెట్టేయడం, ఇవన్నీ ప్రేమకి లెక్క. నేనూ దాచాను, నావీ దాచారు. ఆ రోజుదాకా నేనూ నవ్వినవాణ్ణే. కానీ ఆ రోజు ఆ పిల్ల అరుగు మీద కూర్చుని, ఉత్త పాదాలు రెండూ దగ్గరగా పెట్టుకుని, వాటికేసే చూస్తోంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, బావగారికి బుద్ధి వచ్చేది.

"బావగారూ, ఆ పిల్ల మీ ఇంటికి రాలేదు. చక్రాల బూట్లు వేసుకోవడానికి వచ్చింది. ఇస్తారా, ఉత్తకాళ్ళతో పొమ్మంటారా?"

"అంత కోపమైతే ఎలాగండీ? ఆ బూట్లు ఎక్కడికి పోతాయి?"

"పో అన్నయ్యా, ఉత్తకాళ్ళతోనే పో. ఎండకి నాలుగడుగులు వేసి నువ్వే వస్తావు" అని లోపల్నుంచి చెల్లెలు.

దొడ్లో కొబ్బరికాయల రాశి కింద దొరికాయి చివరికి. దొరికాయంటే, నేనే కాయలన్నీ దొర్లించి వెతికాను. అప్పటికి రెండు బస్సులు పోయాయి. మేము రింకుకి చేరేసరికి గచ్చు మీద ఎవరూ లేరు. మాస్టారు బూట్లు గోనెసంచిలో సర్దుతున్నాడు.

"ఇప్పుడే ఆపేశానండి. గచ్చు ముట్టుకుని చూడండి, పెనంలా ఉంది. వచ్చే ఆదివారం ఆఖరండి. ఈసారి పొద్దున్నే రండి."

ఈనెతో కొలిచి పక్కన పెట్టిన జత ఇంకా పక్కనే ఉంది. పిల్ల వంగి ఒక చక్రాన్ని వేలితో తిప్పింది. అది సవ్వడి లేకుండా చాలాసేపు తిరిగింది. ఆగేదాకా చూసి లేచింది.

తిరుగు బస్సు కోసం నిలబడితే బావగారు స్కూటరు మీద ప్రత్యక్షం. "కోడికూర చల్లారిపోతోందండీ!" వెళ్ళాం. తిన్నాం. కూర బాగుంది కూడా. అది తలుచుకుంటే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

తర్వాతి వారం ఇంట్లో ఇంకో రకం నాటకం. పిల్ల మూగదైపోయింది. దాన్ని చూసి మా అబ్బాయికి జాలి వేసింది. వాడికి జాలి వేస్తే పని మరింత చెడుతుంది. "ఈ ఆదివారం వ్యాను మాట్లాడతాను నాన్నగారూ. అందరం వెళ్దాం. పిల్ల హాస్టల్‌కి వెళ్ళే ముందు ద్రాక్షారామంలో స్వామి దర్శనం చేయించి, అటునుంచి రాజమండ్రి వెళ్దాం. పక్కింటివాళ్ళు కూడా వస్తామన్నారు" అన్నాడు.

"ద్రాక్షారామం తూర్పున, రాజమండ్రి ఉత్తరాన. దర్శనమయ్యి, ప్రసాదాలయ్యి, మీ ఫొటోలయ్యి రాజమండ్రి ఎప్పటికి చేరతావురా?"

"మధ్యాహ్నానికి చేరతాం."

"తొమ్మిదికి మూసేస్తారు."

"చూద్దాంలే నాన్నగారూ. ఒకరోజు అడిగితే తెరుస్తారు."

ఆ మాటతో నాలో ఏదో తెగింది. నేను వీధిలోకి వినపడేలా అరిచాను. మా ఊళ్ళో ఇంట్లో గొడవ బయటికి వినపడకూడదు, అదీ మర్యాదే. ఆ రోజు వినపడింది. "ఈ పిల్ల మిమ్మల్ని ఏమడిగింది? దేవుణ్ణి అడగలేదు, వ్యాను అడగలేదు, పులిహోర అడగలేదు. రెండు గంటలు అడిగింది. ఏళ్ళ తరబడి మీరు చెప్పిన చోట చదవబోతోంది. వెళ్ళేముందు రెండు గంటలు దాని ఇష్టానికి వదలలేరూ? ఆదివారం నేనూ, నా మనవరాలూ వెళ్తాం. ఇద్దరమే. దారిలో ఎవరింటికీ వెళ్ళం. ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా తాగం!"

మా ఇంటావిడ మెల్లగా అంది. "నేను మీ చెల్లెలికి ఫోన్ చేసేశానండీ. పోయినసారి పిల్ల బాధపడి వెళ్ళిందని వాళ్ళు కూడా బాధపడుతున్నారు. ఈసారి ఆపరంట. టిఫిను కేరియర్లో పెట్టుకుని బస్టాండులోనే నిలబడతారట."

నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. బస్టాండులో నిలబడినవాళ్ళు బస్సులోంచి దింపకుండా ఉంటారని నమ్మేంత చిన్నవాణ్ణి కాదు నేను.

ఆదివారం చీకటి విచ్చుకోకముందే నేనూ పిల్లా రోడ్డెక్కాం. బొబ్బర్లంక బస్సు వచ్చింది. నేను చెయ్యి ఎత్తలేదు. అది వెళ్ళిపోయాక ఎదురుగా వచ్చిన రావులపాలెం ఆటో ఆపాను.

"తాతయ్యా, ఇటు వెళ్తున్నామేంటి? రాజమండ్రి అటు కదా?"

"ఇటు కూడా రాజమండ్రే. కాస్త చుట్టు. ఇటు చుట్టాలు లేరు."

రావులపాలెంలో హైవే బస్సెక్కి, జొన్నాడ దగ్గర పెద్ద వంతెన మీద గోదావరి దాటాం. చెల్లెలింటి ముందునుంచి వెళ్ళకుండా ఉండడానికి వేరే వంతెన మీద నది దాటిన అన్నగారు మా జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. దారిలో ఆలమూరు వైపు మా తోడల్లుడి ఊరుందని గుర్తొచ్చి, జొన్నాడ స్టాపులో తల దించుకుని కూర్చున్నాను. నన్ను చూసి పిల్ల కూడా తల దించుకుంది. అక్కడ నవ్వింది, వారం తర్వాత.

ఏడు దాటేసరికి రింకులో ఉన్నాం. మాస్టారు ఆ జత తీసి ఇచ్చి, తాళ్ళు ఎలా బిగించాలో చూపించాడు. కమ్మీలు పట్టుకుని లేచింది. రెండు కాళ్ళూ రెండు దారులు పట్టాయి. పడింది. మోకాళ్ళు వంచి, పక్కకి ఒరిగి, చేతులు ఆనించకుండా, గడ్డిలో పడ్డట్టే పడింది. కమ్మీల బయట ప్యాంటూ బూటూ వేసుకున్న పెద్దమనిషి ఒకడు, "ఈ పల్లెటూరి పిల్లలకి ఇవన్నీ ఎందుకండీ?" అన్నాడు పక్కవాడితో.

"ఎందుకంటే మీవాడు ఇందాక మూతి మీద పడ్డాడు, మాది నడుం మీద పడింది. పళ్ళు మిగిలాయి కాబట్టి" అన్నాను. ఆయన తర్వాత నాకు దూరంగా నిలబడ్డాడు.

మాస్టారు పిల్ల దగ్గరికి వెళ్ళి, "పడడం ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు.

"తాతయ్య. గడ్డివాము దగ్గర."

"అయితే సగం పనైపోయింది. ఇక నిలబడడమే" అన్నాడు.

కమ్మీ పట్టుకుని ఒక చుట్టు. వదిలి నాలుగడుగులు. మళ్ళీ పడడం. ఎండ కమ్మీల నీడని గచ్చు మీద పొట్టి చేసేసరికి అది ఏమీ పట్టుకోకుండా రింకు చుట్టూ తిరుగుతోంది. బాగా తిరిగిందని చెప్పను. చేతులు రెండూ ముందుకు చాచి, కుండ మోస్తున్నట్టు తిరిగింది. నేను బయట కమ్మీల వెంబడి దానితోపాటు నడిచాను. తొమ్మిదింటికి విజిల్ వేసినా అది వినలేదు. ఇంకో చుట్టు తిరిగి వచ్చి, బూట్లు విప్పి, పాదాలు గచ్చు మీద పెట్టి, "అబ్బ, నేల కదలట్లేదు తాతయ్యా" అంది.

మర్నాడు దాన్ని హాస్టల్లో దింపి వచ్చారు. రింకు తవ్వేశారు. ఆ తర్వాత కొత్తది పోశారో లేదో నేను వెళ్ళి చూడలేదు. ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడూ చక్రాలు కట్టలేదు. అయినా అది అడిగింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ దక్కింది.

చెల్లెలూ బావగారూ ఆ పొద్దున్న ధవళేశ్వరం బస్టాండులో కేరియరు పట్టుకుని బస్సు తర్వాత బస్సు చూశారట. ఎండెక్కాక ఇంటికి వెళ్ళారట. మేము రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళామని తెలిశాక చెల్లెలు మా ఇంటావిడతో, "నా గుమ్మం అంత కానిదైపోయిందా వదినా?" అని ఏడ్చిందట. అది విని నాకు బాధ కలిగింది. చేసిందానికి మాత్రం కాదు. ఆ బస్టాండులో పిల్లని బస్సు దింపకుండా కేరియరు కిటికీలోంచి అందించి పంపేవాళ్ళే అయితే, నేను అంత చుట్టు తిరిగేవాణ్ణే కాదు. ఆ నమ్మకం నాకు ఇవ్వలేకపోయింది వాళ్ళే. నన్ను అడిగితే ఇదే చెబుతాను. ఎవరూ అడగలేదు. మా వైపు చుట్టాలు అలిగితే కారణం అడగరు, అడిగితే అలక తీరిపోతుందని భయం.

ఇప్పుడు పనుండి ధవళేశ్వరం వెళ్తే చెల్లెలింటికి వెళ్తాను. కాఫీ ఇస్తుంది. క్షేమం అడుగుతుంది. బావగారు పేపరు మడిచి పక్కన పెట్టి, గారూ అండీ తగ్గకుండా మాట్లాడతాడు. నేను "వెళ్ళొస్తాను" అంటే, "మంచిదండి" అంటాడు. భోజనం మాట ఎవరూ ఎత్తరు. వీధిలోకి వచ్చేసరికి నా చెప్పులు గుమ్మం దగ్గరే ఉంటాయి. నేను విడిచినప్పుడు లోపలివైపు తిరిగి ఉన్నవాటిని ఎవరో వీధివైపు తిప్పి, రెండూ సమంగా పెట్టి ఉంచుతారు. వేసుకుని వచ్చేస్తాను. బస్సు ఎప్పుడూ తప్పిపోదు.